షాపు లెక్కలు క్లౌడ్‌లో పెట్టొచ్చా? నాయన ఒప్పుకోవడం లేదు

పైపుల_షాపు

అనంతపురంలో మాది పైపులు, మోటార్లు, డ్రిప్పు సామాన్ల షాపు. నాయన పెట్టి ఇరవై ఆరేళ్లు, నేను కౌంటర్లో కూర్చోబట్టి ఎనిమిదేళ్లు. పోయిన నెల ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తి కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని శబ్దం తప్ప స్క్రీన్ మీద ఏమీ రాలేదు. హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఉందిలే అని ధీమాగా పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అందులో ఉన్నది ఏడు నెలల కిందటిది. తర్వాతవి ఏమయ్యాయంటే, పండక్కి వచ్చిన మా మేనల్లుడు పాటలకు జాగా చాలక తీసేశాడు. బెంగళూరులో డేటా తీసిచ్చే వాళ్లకు పంపిస్తే వారం ఉంచుకుని, 14 వేలు తీసుకుని, సగం ఫైళ్లు ఇచ్చారు. ఆ సగం కూడా ఓపెన్ కావు.

జీఎస్టీ లెక్కలు ఎట్లో తిప్పలు పడి సర్దుకుంటాం. అసలు బాధ బాకీలు. జూన్‌లో వాన పడంగానే "శెనక్కాయ అమ్మినాక ఇస్తాంలే" అని పైపులు తీసుకుపోయిన రైతుల ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "అన్నా, నువ్వు మాకెంత ఇవ్వాలి?" అని మేమే అడుగుతున్నాం. నవ్వకండి. నిజం చెప్పాలంటే ఎక్కువ మంది సరిగ్గానే చెప్తున్నారు. ఒకాయన నాయనకు గుర్తున్న దానికంటే రెండు వందలు ఎక్కువే చెప్పాడు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మే ఆయన వచ్చి క్లౌడ్‌లోకి, అంటే లెక్కలు నెట్ ద్వారా వేరే వాళ్ల కంప్యూటర్లలో పెట్టుకునే పద్ధతికి, మారమంటున్నాడు. మనిషికి నెలకు 600, మేం ముగ్గురం కాబట్టి 1,800, పైన జీఎస్టీ. నాయన ఒకటే మాట: "మన లెక్కలు తీసుకుపోయి ఎవరింట్లోనో పెట్టి, మళ్లీ చూసుకోవడానికి నెలనెలా బాడుగ కట్టాలా?" నాకు సమాధానం దొరకలేదు. వాడుతున్న వాళ్లు చెప్పండి.

బేతంచెర్ల_బండ

మేనల్లుడికి పైపు బిల్లు వేయాల్సింది.

ఆదోని_తాత

మీ నాయన చెప్పిందే కరెక్ట్. నేను పత్తి వ్యాపారంలో నలభై ఏళ్లు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నా, ఒక్క పేజీ పోలేదు. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. 1,800 అంటే ఏడాదికి 21,600, జీఎస్టీతో 25,488. ఐదేళ్లకు 1,27,440. ఆ డబ్బుతో కొత్త కంప్యూటర్లు మూడు కొని, ఒకటి చెడిపోతే ఇంకోటి వాడుకోవచ్చు.

ఆడిటరమ్మ

తాతగారి కూడికలు బాగున్నాయి. కానీ ఆ 18 శాతం జీఎస్టీ షాపుకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి) వస్తుంది కాబట్టి దాన్ని ఖర్చులో కలపకండి. ఇంకోటి, మూడు కంప్యూటర్లు కొన్నంత మాత్రాన ఒకదాంట్లో లెక్కలు రెండోదాంట్లోకి వాటంతట అవి పోవు కదా.

శీను అన్నా (నీ పేరు తెలీదు, పైపులు అమ్ముతావు కాబట్టి శీను అంటున్నా), పోయిన లెక్కల సంగతి ముందు చూడు. జీఎస్టీ పోర్టల్‌లో మీరు వేసిన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) ఉంటుంది, దాంట్లో జీఎస్టీ నంబరు ఉన్న కొనుగోలుదారుల బిల్లులు ఒక్కొక్కటీ దొరుకుతాయి. మీరు కొన్న సరుకు అదే పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ అనే కొనుగోళ్ల పట్టికలో దొరుకుతుంది. రైతులకు అమ్మినవి మాత్రం బిల్లువారీగా ఉండవు, పన్ను రేటు ప్రకారం మొత్తం అంకె ఒకటే ఉంటుంది. కాబట్టి నువ్వు ఏడుస్తున్న బాకీలను ప్రభుత్వం కూడా తెచ్చివ్వలేదు.

పైపుల_షాపు

నా పేరు శీను కాదు గానీ అదే ఉంచండి, బాగుంది.

కర్నూలు_గుడ్డలు

@ఆదోని_తాత పుస్తకంలో ఒక్క పేజీ పోలేదంటున్నారు, మీది ఆదోని కాబట్టి. మాది కర్నూలు పాతబస్తీలో గుడ్డల షాపు. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి అని షాపు మూసి ఉంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తడానికే నలుగురు కావాల్సి వచ్చింది, లోపల మోకాలి లోతు బురద. పదిహేనేళ్ల పుస్తకాలు. అమ్మ, పెద్దమ్మ కలిసి మేడ మీద చాపలు పరిచి ఒక్కో పేజీ విడదీసి రాళ్లు పెట్టి ఆరబెట్టారు. అప్పుడు ఒక సంగతి తెలిసింది. బాల్‌పెన్నుతో రాసినవి మిగిలాయి, ఇంకు పెన్నుతో రాసినవి పేజీకి పేజీ నీలం మరకలయ్యాయి. మా తాతకు ఇంకు పెన్ను అంటే ప్రాణం. పెద్ద బాకీలన్నీ ఆయనే రాసేవాడు.

కౌంటర్ కింద ఉన్న కంప్యూటర్ సంగతి చెప్పక్కర్లేదు.

ఆదోని_తాత

ఆ వరద నాకు తెలీనిదా. మా వియ్యంకుల ఇల్లు కూడా పోయింది. సరే, పుస్తకం మేడ మీద పెట్టుకోండి అంటా.

బేతంచెర్ల_బండ

మేడ మీద పెడితే కోతులు.

మాది పాలిష్ యూనిట్. రాయి కోసేచోట దుమ్ము ఎట్లుంటుందో చూసినోళ్లకే తెలుసు, టీ గ్లాసు మీద మూత పెట్టకపోతే పాలు ఎక్కువైనట్టు తెల్లగా అవుతుంది. ఆఫీసు గదిలో కంప్యూటర్ ఏడాదిన్నర బతికితే గొప్ప. ఫ్యాను తిరగదు, లోపల చూస్తే సిమెంటు గట్టినట్టు ఉంటుంది. మూడోది పోయాక విసుగొచ్చి బ్రౌజర్‌లో నడిచే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా. ఇప్పుడు లారీ లోడవుతుంటే యార్డులో మేస్త్రీ ఫోన్లోనే చదరపుటడుగులు కొడతాడు, నేను కర్నూల్లో ఇంట్లో కూర్చుని బిల్లు, ఈ-వే బిల్లు తీసి డ్రైవర్‌కు వాట్సాప్ చేస్తా. సరుకు 50 వేలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలదు కదా, ముందు దాని కోసమే రోజూ యూనిట్‌కు పోవాల్సి వచ్చేది. నాకు క్లౌడ్ అంటే దుమ్ము పడని కంప్యూటర్. అంతే.

ధర్మవరం_మగ్గం

అందరికీ అట్ల కుదరదు అన్నా. మేమూ పూర్తిగా ఆన్‌లైన్ బిల్లింగ్‌కు పోయాం. శ్రావణ మాసం, రెండో శుక్రవారం ముందు రోజు, షాపు నిండా జనం. బయట రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే గిర్రున తిరుగుతా ఉంది, బజారు మొత్తం అదే టవర్ మీద పడింది మరి. చీర చేతిలో పట్టుకుని బిల్లు కోసం నిలబడిన ఒకామె "చేత్తో రాసిచ్చేయండి నాయనా" అంది. బిల్లు పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలీదు! పక్క షాపులో అడిగి తెచ్చుకున్నాం. ఆ రోజు పోయిన బేరం తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే చెప్తున్నా, నెట్ లేకపోయినా బిల్లు కొట్టి, నెట్ వచ్చాక ఎక్కించేది ఉంటేనే తీసుకోండి. రెండు వేరు వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. బిల్లు పుస్తకం ఒకటి సొరుగులో ఉంచండి.

సర్వర్_సుబ్బడు

ఊరు ఎమ్మిగనూరు, ఉద్యోగం బెంగళూరు, పని ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మొదట, మీకు 600 చెప్పిన ఆయన అమ్మేదీ బేతంచెర్ల అన్న వాడేదీ ఒకటి కాదు. బేతంచెర్ల అన్న వాడేది మొదటి నుంచీ బ్రౌజర్ కోసమే తయారైంది. మీకు చెప్పింది, నా అంచనా కరెక్టయితే, మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీనే ఎక్కడో ఒక సర్వర్‌లో, అంటే నెట్ మీద అందే పెద్ద కంప్యూటర్‌లో, పెట్టి, మీరు ఇక్కడి నుంచి ఆ స్క్రీన్‌ను చూస్తూ పని చేయడం. తప్పేం లేదు, అలవాటైన కీలు అట్లనే ఉంటాయి, మీ నాయనకు కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ ఆ సర్వర్ నడిపేది మధ్యలో ఉన్న ఒక చిన్న కంపెనీ. కాబట్టి వాళ్లను అడగండి: సర్వర్ ఏ ఊళ్లో ఉంది? రోజూ బ్యాకప్ ఎవరు తీస్తారు, అది ఇంకో ఊళ్లో ఉంటుందా? రేపు నేను మానేస్తే నా డేటా ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో ఇస్తారు? మూడోదానికి నీళ్లు నమిలితే నమస్కారం పెట్టి పంపించేయండి.

మీ నాయన "ఎవరింట్లోనో" అన్నది తమాషా కాదు, సరైన ప్రశ్న. క్లౌడ్ అద్దెకిచ్చే అమెజాన్ వాళ్లు 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో డేటా సెంటర్లు (సర్వర్లు పెట్టే భవనాలు) పెట్టారు. మైక్రోసాఫ్ట్‌వి పుణె, చెన్నై, ముంబైల్లో 2015 నుంచి ఉన్నాయి. అంటే ఆ ఇల్లు మరీ సముద్రాల అవతల ఏం లేదు. అయితే పెద్ద ఇల్లు అయినంత మాత్రాన కాలదని కాదు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న వాళ్లకు రెండూ పోయాయి. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచి, ఉద్యోగుల ఫైళ్లు దాచే డ్రైవ్ 858 టెరాబైట్లు బూడిదయ్యింది. దానికి బయట ఇంకో కాపీ లేదు. కొరియా ప్రభుత్వానికే ఆ గతి పట్టింది, మీ పెన్‌డ్రైవ్‌ను తిట్టుకోకండి.

మా పనిలో 3-2-1 అని ఒక పాత లెక్క ఉంది. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి షాపు బయట. క్లౌడ్ ఆ మూడింట్లో ఒకటి, అంతే.

ఆదోని_తాత

సుబ్బడు చెప్పింది చదివాక నా పుస్తకం మీద గౌరవం పెరిగింది.

కర్నూలు_గుడ్డలు

మూడు పుస్తకాలు రాయాలి తాతా, ఒకటి మేడ మీద, ఒకటి కింద, ఒకటి వియ్యంకులింట్లో.

ఆదోని_తాత

వియ్యంకులింట్లో బాకీల పుస్తకం పెట్టమంటావా, పెళ్లి పెటాకులు చేయడానికి?

రాజంపేట_రాణి

నాకు ఈ సర్వర్లు, డేటా సెంటర్లు తెలీదు. నాకు తెలిసింది చెప్తా. మా చిన్నాన్నది పులపత్తూరు దగ్గర చిన్న కిరాణా కొట్టు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది కదా. కొట్టు పోయింది, ఫోన్ పోయింది, కట్టుబట్టలతో మిగిలారు. అరువుల లెక్క ఫోన్లో ఒక ఖాతా యాప్‌లో రాసుకునేవాడు. అది కూడా పోయిందని ఆయన వదిలేసుకున్నాడు. కొన్ని వారాల తర్వాత పాత నంబరుకే కొత్త సిమ్ తీసి, నా ఫోన్లో యాప్ వేసి ఓటీపీ కొడితే, మొత్తం వచ్చేశాయి, ఎవరికి ఎన్ని కేజీల బియ్యం ఇచ్చాడో సహా. ఆయన చాలాసేపు స్క్రీన్ చూస్తూ కూర్చుని, "ఇప్పుడు వీళ్లను ఎట్లడుగుతాం, వాళ్లిళ్లు కూడా పోయినాయి కదా" అని ఫోన్ నాకిచ్చేశాడు.

పైపుల_షాపు

అక్కా...

కడప_బేకరీ

రాణి గారి దాంట్లో చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ నంబరు చిన్నాన్నదే. మాది ఏడు రోడ్ల దగ్గర బేకరీ, ఇంకో బ్రాంచి ప్రొద్దుటూరులో. బిల్లింగ్ క్లౌడ్ అంతా మా దగ్గర పని చేసిన అకౌంటెంటు కుర్రోడే పెట్టాడు. చురుకైనోడు, కాదనను. జీతం దగ్గర మాటా మాటా పెరిగి మానేశాడు. మర్నాడు లాగిన్ అయితే ఓటీపీ అతని ఫోన్‌కు పోతోంది! ఈమెయిల్ అతనిది, నంబర్ అతనిది, ఓనరు నేను, డబ్బులు కట్టేది నేను. కంపెనీకి ఫోన్ చేస్తే "రిజిస్టరైన నంబర్ నుంచి కాల్ చేయండి" అంటారు. రెండు నెలలు పట్టింది, చివరికి వాళ్లమ్మతో మాట్లాడి, ఒక కేకు పంపించి తెచ్చుకున్నా.

సర్వర్_సుబ్బడు

@కడప_బేకరీ దీనికి వెయ్యి లైకులు. హ్యాకర్ల కంటే ఇట్ల పోయినవే నేను ఎక్కువ చూశా. షాపు పేరు మీద ఒక ఈమెయిల్, షాపు నంబరు, అడ్మిన్ ఓనరు. పని చేసే వాళ్లకు వేరే లాగిన్.

ఏ కేకు పంపారో చెప్పండి, మేమూ ఉంచుకుంటాం.

కడప_బేకరీ

బటర్‌స్కాచ్, కిలో.

ధర్మవరం_మగ్గం

డబ్బులు కట్టకుండా ఫ్రీగా అయ్యే దారి లేదా? గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఊరికే ఇస్తారు, ట్యాలీ ఫోల్డర్‌ను దానికి తగిలిస్తే సరిపోదా? మా బావమరిది అదే చేశాడు.

సర్వర్_సుబ్బడు

దయచేసి నడుస్తున్న ఫోల్డర్‌ను తగిలించకండి. ట్యాలీ ఒకపక్క రాస్తుంటే ఇంకోపక్క డ్రైవ్ దాన్ని సగం సగం ఎక్కిస్తూ ఉంటుంది, రెండూ గొడవ పడి డేటా పాడవుతుంది. సాయంత్రం షాపు మూసే ముందు ట్యాలీలో బ్యాకప్ తీసి, తేదీ పేరు పెట్టి ఆ ఫైల్‌ను ఎక్కించండి. ఇంకో ప్రమాదం, 2017 మేలో వనాక్రై అని వైరస్ వచ్చింది గుర్తుందా, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగేది. ఆ జాతివి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటిది తగిలితే తాళం పడిన ఫైలే డ్రైవ్‌లోకీ పోతుంది, ఎప్పుడూ తగిలించి ఉంచే హార్డ్ డిస్క్‌లోకీ పోతుంది. డ్రైవ్‌లో పాత కాపీ 30 రోజులు ఉంటుంది కాబట్టి తొందరగా గమనిస్తే బతికిపోతారు. డిస్క్ మాత్రం పని అయ్యాక పీకేయాలి.

కర్నూలు_గుడ్డలు

ఆ 15 జీబీ కథ నేను చెప్తా. మెయిల్, ఫోటోలు, ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్, అన్నీ ఆ 15లోనే. మా ఆవిడ మనవడి వీడియోలతో అది నిండిపోయి షాపు బ్యాకప్ నాలుగు నెలలు ఎక్కలేదు. మూలన ఎర్ర గుర్తు వచ్చిందట. ఎవరు చూస్తారు?

ప్రొద్దుటూరు_కుందనం

నేను విదేశీ సర్వీసు ఒకటి వాడేవాణ్ణి, డాలర్లలో బిల్లు. 2021 అక్టోబర్‌లో ఆర్‌బీఐ కార్డు ఆటో డెబిట్ రూల్స్ మార్చినప్పుడు డబ్బు కట్ కాలేదు, మెయిల్ చూసుకోలేదు, సర్వీసు ఆగిపోయింది. ఇప్పుడు 15 వేల లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగదులే గానీ, రూపాయల్లో బిల్లు ఇచ్చే, యూపీఐ తీసుకునే వాళ్లను చూసుకోవడం మేలు. డాలర్ పెరిగినప్పుడల్లా మన టెన్షన్ పెరగదు.

ఇంకోటి, బంగారం వ్యాపారంలో ఉన్నాం, మా వాళ్లెవరూ లెక్కలు క్లౌడ్‌లో పెట్టరు. కారణం అడగొద్దు.

ఆడిటరమ్మ

అడగను. కానీ వింటున్నా.

శీను అన్నకు ఒక మాట. అమ్మేవాళ్లు "రూల్ వచ్చింది, క్లౌడ్ తప్పనిసరి" అని బెదిరిస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి మార్పుల చరిత్ర చెరిపేయలేని సాఫ్ట్‌వేర్ వాడాలన్నదీ, రోజూ బ్యాకప్ మన దేశంలోని సర్వర్‌లో ఉండాలన్నదీ కంపెనీల చట్టం కింద రిజిస్టరైన వాటికి. సొంత పేరు మీద నడిచే షాపుకు కాదు. ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) అయితే 2023 ఆగస్టు నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లకు, దానికీ క్లౌడ్‌కూ సంబంధం లేదు. మీకు వర్తించేది ఇది: జీఎస్టీ కింద లెక్కలు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. "మేనల్లుడు తీసేశాడు" అంటే ఆఫీసర్ ఊరుకోడు.

పైపుల_షాపు

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. ఏం చేశామో చెప్తా.

600 ఆయన్ను సుబ్బడన్న చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగా. మొదటిదానికి "ముంబై" అన్నాడు, రెండోదానికి "ఉంటుందండి" అన్నాడు, మూడోదానికి "మీరెందుకు మానేస్తారండి" అన్నాడు. వదిలేశా. ట్యాలీ షాపు కంప్యూటర్లోనే ఉంచాం, డిస్క్ కొత్తది. షాపు పేరు మీద మెయిల్ తెరిచి, ఏడాదికి 1,300 కట్టి 100 జీబీ తీసుకున్నా. నంబర్ నాయనది. రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి ఎక్కిస్తా, ఆదివారం ఒక డిస్క్‌లోకి తీసి ఇంటికి తీసుకుపోతా. రైతుల బాకీలు మాత్రం ఫోన్ యాప్‌లో కూడా రాస్తున్నాం. సరుకు ఇవ్వంగానే రైతుకు మెసేజ్ పోతుంది, రేపు నా దగ్గర పోయినా ఆయన ఫోన్లో ఉంటుంది. రాణక్క రాసింది చదివాక వచ్చిన ఆలోచన ఇది.

తీసిన బ్యాకప్ అసలు తెరుచుకుంటుందో లేదో చూద్దామని గుంతకల్లులో మా బావ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశా. తెరుచుకోలేదు! చెమటలు పట్టాయి. చూస్తే ఆయన ట్యాలీ పాత వెర్షన్, మా డేటా కొత్తది. అప్‌డేట్ చేశాక తెరుచుకుంది. వీడియో కాల్‌లో నాయనకు చూపించా. పామిడి రైతు ఖాతా తీయమన్నాడు, తీశా. ఎంతుందో చదవమన్నాడు, చదివా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అనంతపురంలో రాసింది గుంతకల్లులో కనిపిస్తోందంటే, ఇంకెక్కడ కనిపిస్తోందో నీకు తెలుసా?" అన్నాడు.

సర్వర్_సుబ్బడు

మీ నాయన్ను మా కంపెనీ సెక్యూరిటీ టీంలోకి పంపించు.

ఆదోని_తాత

నేను ఆయన పక్షమే. ఇంతకీ ఆయన ఎర్ర పుస్తకం రాస్తున్నాడా లేదా?

పైపుల_షాపు

మొన్ననే కొత్తది కొన్నాడు తాతా. బాల్‌పెన్నుతో రాస్తున్నాడు.